మనాలికి ఏ నెలల పోతున్నరు?

(నల్లగొండలో సెలవుల యాత్రల మీద జరిగిన సభలో ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందట కూసున్న అక్కలకు, అన్నలకు దండాలు. అధ్యక్షుల వారి పొగడ్తలకు మరోసారి జవాబు చెప్తా, టైం తక్కువుంది.

హిమాచల్ ప్రదేశ్ కొండలల్ల ఉన్న మనాలి అంటే మనకు మే నెలే. పిల్లల పరీక్షలు అయిపోతయి, ఎండ మండుతది, టికెట్లు తీస్తరు. బస్సు దిగంగనే "మంచేది?" అని అడుగుతరు. మే నెలల ఊర్ల మంచుండదు. సాగర్ నీటిమట్టం రోజూ పేపర్ల చూసే మనకు సముద్రమట్టం నుంచి అడుగుల లెక్క కొత్త కాదు. సాగర్ నిండితే 590. మనాలి సుమారు 6,700. దాని పైనున్న సోలంగ్ లోయ 8,400. రోహ్‌తాంగ్ కనుమ 13,050. ఎండలు ముదిరిన కొద్దీ మంచు పైపైకి జరుగుతది. మే, జూన్ల అది రోహ్‌తాంగ్ కాడ దొరుకుతది. దానికి పర్మిట్ ముందే ఆన్‌లైన్ల తీసుకోవాలె. దిగిన రోజే అంత పైకి పోవద్దు. తలనొప్పి, వాంతులు పట్టుకుంటయి. అట్లయితే మందు మింగి ఇంకా పైకెక్కుడు కాదు, కిందికి దిగాలె.

స్కీయింగ్‌కు, అంటే కాళ్లకు పొడుగు పట్టీలు కట్టుకొని మంచు మీద జారే ఆటకు, జనవరి, ఫిబ్రవరి. సోలంగ్‌ల బూట్లు, స్కీలు కిరాయికిస్తరు. బూటు బిగుతుండాలె, సాక్స్ ఒక్క జతే. రెండు జతలు తొడిగితే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడ్తయి. నూలు బనీను వద్దు, చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంటది. మొదటి పాఠం ఆగుడు: స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరం, మోకాళ్లు వంచి బరువు ముందుకు. భయమైతే మనిషి వెనక్కి వాలుతడు. వాలితే స్కీలు మాట వినవు, స్పీడు పెరుగుతది. పడక తప్పదనుకుంటే పక్కకు పడాలె.

ఏప్రిల్ల ఆపిల్ చెట్లు పూతకొస్తయి. వానకాలం మాత్రం పోవద్దంటా. జులై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా హిమాచల్ల రాఫ్టింగ్ (గాలి నింపిన పడవల నది మీద పోవుడు), పారాగ్లైడింగ్ (గుడ్డ రెక్క కట్టుకొని గాల్ల తేలుడు) బంద్. 2020 అక్టోబర్‌ల తెరిచిన 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ దాటితే, కొండ అవుతలి లాహౌల్ లోయల వాన తక్కువే. కానీ అసలు మనాలికి చేరే దారే కొండచరియలు పడి మూసుకపోతది.

రాఫ్టింగ్ అన్నా కాబట్టి ఈ మాట చెప్పకుండ ముందుకు పోలేను. 2014 జూన్ 8, సాయంత్రం. మండి జిల్లా థలౌట్ కాడ బియాస్ నదిల బండల మీద నిలబడ్డ మన హైదరాబాద్ కాలేజీ పిల్లలు 24 మంది కొట్టుకపోయిన్రు. పైన కరెంటు తీసే లార్జీ డ్యామ్ కెళ్లి నీళ్లొదిలిన్రు. సాగర్‌లెక్క పెద్ద చెరువు కాదది, ఆపుకునే జాగా తక్కువ. కరెంటు తీసుడు తగ్గించమంటే టర్బైన్ల కెళ్లి పోయే నీళ్లు తగ్గుతయి, మిగిలినయి గేట్ల కెళ్లి వదలాల్సిందే. అప్పటిదాకా బండలు తేలి, ఫొటోకు రమ్మన్నట్టుండే నది నిమిషాల మీద నిండుతది. సాగర్ గేట్లెత్తితే చూడనీకి కార్లు కట్టుకొని పోతం మనం. అక్కడ గేటు కనపడదు, మలుపు అవుతల ఉంటది. అమ్మా, మీ పిల్లలను బియాస్‌ల దిగనియ్యకుండ్రి. మోకాళ్ల లోతే అన్నా సరే. బస్సు డ్రైవర్ "ఐదు నిమిషాలు" అన్నా సరే. రాఫ్ట్ ఎక్కితే లైఫ్ జాకెట్ బకిళ్లన్నీ పెట్టించండ్రి. నీళ్లల్ల పడితే నిలబడనీకి చూడొద్దు, బండల నడుమ కాలు ఇరుక్కుంటది. వెల్లకిల తేలి, కాళ్లు నీరు పారే దిక్కు పెట్టాలె.

చీటీ వచ్చింది, ముగిస్తున్న.

పారాగ్లైడింగ్‌కు ఒకటే మాట: పైలట్ చెప్పేదాకా ఉరుకుడే. కాళ్లు ముందే మడిచి కూసుంటే ఇద్దరూ వాలు మీద పడ్తరు. తొడలకు కట్టే బెల్టులు పెట్టినంక మీరు కూడా చేత్తో గుంజి చూసుకోండ్రి.

నన్నడిగితే అక్టోబర్ మేలు. గాలి తేట, గుంపు తక్కువ. మనం జమ్మి పంచుకున్న నాడే, మనాలి దారిల ఉన్న కుల్లూల దసరా మొదలైతది. తెల్లారి ఢిల్లీ రైలెక్కి, ఆడి నుంచి రాత్రి బస్సు పట్టుకుంటే మూడో నాడు పొద్దుగాల కుల్లూల దిగుతరు. ఏడు రోజుల జాతరల ఇంకా నాలుగు రోజులు మిగిలుంటయి.