తివాచీని తిప్పి చూడండి

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు తివాచీలు పరిచి పెట్టాను. రెండూ మొరాకో నుంచి తెచ్చుకున్నవే. రెండూ తెల్లటివే, రెండిటి మీదా నల్లటి గీతలతో ఒకేలాంటి డైమండ్ గళ్లు. దూరం నుంచి చూస్తే అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. కానీ ఎడమవైపు ఉన్నది నన్ను చాలా బాధపెట్టింది. మొదటిసారి మరాకేష్ వెళ్లినప్పుడు పాత బజారులోని ఒక కొట్లో "ఇది 60 ఏళ్ల నాటిది" అంటే నమ్మి కొన్నాను. ఇంటికి తెచ్చి పరిచిన ఆరు నెలలకు చీపురు పెట్టిన ప్రతిసారీ గుప్పెడు ఉన్ని రావడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి మధ్యలో పడుగు దారాలు, అంటే అడుగున ఉండే నిలువు దారాలు, కనబడ్డాయి. తర్వాత తెలిసినవాళ్లకు చూపిస్తే, అది పాతది కానే కాదు, కొత్తదాన్నే పాతదానిలా కనిపించేట్టు బ్లీచ్‌లో ముంచారు అన్నారు. ఆ రోజు నుంచి మంచి తివాచీని ఎలా గుర్తుపట్టాలో నేర్చుకోవడం వదల్లేదు నేను. ఈరోజు అదే చెబుతాను.

మనకు రగ్గంటే చలికి కప్పుకునేది. అందుకే వీటిని తివాచీలనే అంటాను. అయితే మొరాకోలోని అట్లాస్ కొండల్లో వీటిని నిజంగానే పరుచుకుని, కప్పుకుని పడుకునేవాళ్లు. శీతాకాలంలో అక్కడ మంచు కురుస్తుంది. పైన నిలిచి ఉండే ఉన్ని, అంటే ఈ జూలు, ఇంత పొడవుగా ఉండటానికి కారణం ఆ చలే. నేసేది ఆడవాళ్లు, ఇంట్లో నిలువు మగ్గం మీద. వీటిని నేసే జనాన్ని బెర్బర్లు అంటారు, కానీ బెర్బర్ అనేది బయటివాళ్లు పెట్టిన పేరు. వాళ్లు తమను తాము అమజీగ్ అని చెప్పుకుంటారు. వాళ్ల భాషను 2011 రాజ్యాంగంలో మొరాకో అధికార భాషగా గుర్తించింది.

ఇక అసలు విషయానికి వస్తాను. కొనేటప్పుడు మన కళ్లు ముందు డిజైన్ మీదికి పోతాయి. డిజైన్‌ను ఎవరైనా కాపీ కొట్టగలరు. ఇదే డైమండ్ గళ్ల తెల్ల తివాచీ మన ఉత్తరప్రదేశ్‌లోని భదోహీలో కూడా నేస్తారు. బాగా నేస్తారు కూడా. దాన్ని భదోహీది అని చెప్పి అమ్మితే నాకే అభ్యంతరమూ లేదు, అట్లాస్‌లో నేసిందని చెప్పి అమ్మడమే తప్పు. కాబట్టి డిజైన్‌ను పక్కన పెట్టండి. చూడాల్సింది ఉన్ని.

ఉన్ని రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, బతికున్న గొర్రెను కత్తిరించి తీసింది. రెండోది, కోసిన గొర్రెల తోళ్లను తోళ్ల కార్ఖానాలో సున్నంలో నానబెట్టి ఊడదీసింది. దీన్ని అక్కడ చచ్చిన ఉన్ని అంటారు. సున్నం ఉన్నిలోని సహజమైన నూనెను లాగేస్తుంది, పోగును పెళుసు చేస్తుంది. మొదట చూపుకి తేడా తెలియదు. చేతికి తెలుస్తుంది. అరచేతిని జూలు మీద ఆనించి పాతిక సార్లు గట్టిగా రుద్దండి. మంచి ఉన్ని అయితే అరచెయ్యి కాస్త మెత్తబడినట్టు, సన్నగా జిడ్డు అంటినట్టు ఉంటుంది. చచ్చిన ఉన్ని అయితే చెయ్యి పొడిబారి, పొట్టు పొట్టుగా పోగులు రాలతాయి. తర్వాత ఒక్క పోగు తీసుకుని రెండు వేళ్లతో మెల్లగా లాగండి. మంచిది కొంచెం సాగుతుంది. చెడ్డది ఎండిన గడ్డిపోచలా పుటుక్కున తెగుతుంది.

మన పల్లెల్లో గొంగడి తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. వానలో తడిసిన గొంగడి దగ్గర వచ్చే గొర్రె వాసన గుర్తుందా? కొత్త బెర్బర్ తివాచీకి కూడా అది కొంచెం ఉండాలి. గాలి తగిలేట్టు పరిస్తే కొన్నాళ్లకు పోతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఈత కొలను దగ్గరి క్లోరిన్ వాసన వచ్చిందంటే మాత్రం వదిలేసి రండి. రంగు కూడా చూడండి. కడిగిన ఉన్నికి ఉండేది మీగడ రంగు. ట్యూబ్‌లైటులా మెరిసే తెలుపు గొర్రెకు ఉండదు.

కొత్తది కొన్నాళ్లు రాలుతుంది, దానికి టెన్షన్ పడకండి. పొట్టి పోగులు పోతాయి, తర్వాత తగ్గుతుంది. ఏడాదైనా తగ్గలేదంటేనే అనుమానం.

ఇప్పుడు తిప్పండి. తివాచీ నిజం దాని వెనకవైపు ఉంటుంది. ప్రతి ముడీ విడిగా కనబడాలి. ముందువైపున్న డిజైన్ వెనక కూడా తెలియాలి. వెనక గుడ్డ అతికించి, దాని కింద గమ్ము ఉంటే అది ముడి వేసింది కాదు, దారం గుచ్చే మిషన్ గన్‌తో గుచ్చింది. ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. కాశ్మీరు, ఇరాన్ తివాచీల లెక్కలో ముడులు లెక్కపెడతారు. బెర్బర్ తివాచీలో, ముఖ్యంగా తెలుపు మీద నల్ల గళ్లుండే బెనీ ఉరైన్ రకంలో, ముడుల వరసకీ వరసకీ మధ్య చాలా పేక దారాలు, అంటే అడ్డ దారాలు, పోస్తారు. ముడులు దూరంగా ఉండటం అక్కడ లోపం కాదు. చూడాల్సింది బిగువు. వెనకవైపు పేక దారాన్ని గోరుతో పక్కకు నెట్టండి. కదిలి చోటు చేసుకుందంటే, నేసేటప్పుడు ఇనుప దువ్వెనతో సరిగా కొట్టలేదన్నమాట. మ్రిర్త్ రకమైతే ముడులు దగ్గరగా, దట్టంగా ఉంటాయి, బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే. అజిలాల్ ప్రాంతంవి పలచగా, రంగురంగులుగా ఉంటాయి. తజ్నాఖ్త్ ఊరి వైపు జూలు పొట్టిగా ఉంటుంది. ఒకదాని కొలతతో ఇంకోదాన్ని తూచొద్దు.

అంచు దారాలు పడుగులోంచి వచ్చినవేనా, విడిగా కుట్టినవా చూడండి. పడుగు నూలుది అయినా కంగారు లేదు, తివాచీ తిన్నగా పడుకుంటుంది. అయితే మొత్తం ఉన్నే అని చెప్పి నూలు పడుగుది అమ్మకూడదు. అసలు ఉన్నేనా అని అనుమానం వస్తే అడిగి ఒక పోగు తీసుకుని బయటికి వెళ్లి అగ్గిపుల్ల అంటించండి. ఉన్ని జుట్టు కాలిన వాసన వేసి, వేళ్ల మధ్య నలిపితే బూడిద అవుతుంది. అక్రిలిక్ అనే సింథటిక్ దారమైతే కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

రంగులున్న తివాచీ అయితే తెల్ల రుమాలు తడిపి, ఎరుపు మీదా నీలం మీదా ఒక నిమిషం అదిమి పట్టండి. నేను ఒకసారి ఇలా చేస్తే రుమాలుకి బీట్‌రూట్ కోసినట్టు మరక పట్టింది. అప్పటిదాకా ఆ కొట్టాయన అన్నీ చెట్ల రంగులే అన్నాడు. కెమికల్ రంగు వాడటం తప్పని నేను అనను. దిగని కెమికల్ రంగు, దిగే చెట్టు రంగుకన్నా మేలు.

తివాచీ చివరి వరస కొంచెం వంకరగా ఉండటం, తెలుపులో రెండు మూడు ఛాయలు ఉండటం లోపాలు కావు. చేత్తో వడికిన దారం అలాగే వస్తుంది. కానీ నేల మీద పరిస్తే మూలలు లేస్తూ, మధ్యలో అలలు కడితే పడుగు బిగింపు తేడా వచ్చిందని అర్థం. అది ఇంటికొచ్చాక సర్దుకోదు.

ధర గురించి ఎవరైనా అడుగుతారని తెలుసు. పెద్ద తివాచీకి ఇంటిపనుల మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి. ఆ పైన దళారులు, బజారు, రవాణా. నమ్మలేనంత చౌకగా ఇస్తున్నారంటే ఉన్నిలోనో, నేసినావిడ కూలిలోనో కోత పడిందనుకోండి. పాతదని చెప్పి రేటు పెంచే కొట్టుకన్నా, కొత్తది అని నిజం చెప్పి, ఏ ఊళ్లో నేసిందో చెప్పే కొట్టులో కొనడం నాకిష్టం. కుడివైపు ఉన్నది అలా కొన్నదే. మధ్యలో నల్లటి గీత కాసేపు గోధుమ రంగులోకి మారి మళ్లీ నల్లబడుతుంది. నల్ల ఉన్ని అయిపోయి ఇంకో గొర్రె ఉన్ని కలిపి ఉంటారు. నాకు ఆ చోటంటే చాలా ఇష్టం.

ఇప్పుడు ఒక్కొక్కరూ ముందుకు రండి. ముందు ఎడమవైపుది రుద్దండి, చెయ్యి దులుపుకోండి, తర్వాత కుడివైపుది ముట్టుకోండి. రెండిటినీ తిప్పడానికి ఇద్దరు సాయం పట్టండి, బరువుంటుంది.