మెగాట్రెండ్ అనే మాట

సభకు నమస్కారం. విధాన పత్రాల్లోనూ పెట్టుబడి సంస్థల నివేదికల్లోనూ దీర్ఘకాలం సాగే పెద్ద మార్పు అనే అర్థంలో తరచుగా ఎదురయ్యే 'మెగాట్రెండ్' రెండు పాత మాటల కలయిక. పెద్ద అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిన 'మెగా', కొలతల శాస్త్రంలో పది లక్షల రెట్లకు గుర్తు. ఇక్కడ ఆ లెక్కతో పనిలేదు. అసలు సంగతి రెండో సగంలో ఉంది. తిరగడం, దొర్లడం అనే అర్థాలున్న ప్రాచీన ఆంగ్ల క్రియ నుంచి పుట్టిన 'ట్రెండ్', నదో తీరరేఖో ఫలానా దిక్కుకు మళ్లుతోందని చెప్పడానికి వాడుకలో ఉండి, తర్వాతి కాలంలో అభిప్రాయాలకూ ధరలకూ జనాభాకూ వర్తించింది. అంటే అది దిశను తెలిపే మాట. పొద్దున పుట్టి సాయంత్రానికి మరుగయ్యే ఫోన్ 'ట్రెండింగ్'తో దానికి దూరపు చుట్టరికమే.

ఈ జంట మాటకు ప్రపంచవ్యాప్త ప్రచారం తెచ్చింది 1982లో అమెరికన్ రచయిత జాన్ నైస్‌బిట్ వెలువరించిన 'మెగాట్రెండ్స్'. పారిశ్రామిక సమాజం సమాచార సమాజంగా మారడం మొదలు పది మార్పులను ఆ పుస్తకం వివరించింది. వాటికి ఆధారం స్థానిక పత్రికలు. పత్రికలో వార్తలకు దక్కే చోటు పరిమితం కనుక కొత్త విషయం లోపలికి రావాలంటే పాతది తప్పుకోవాలి. ఈ రాకపోకలను ఏళ్ల తరబడి కొలిస్తే సమాజం దేన్ని పట్టించుకుంటోందో, దేన్ని వదిలేస్తోందో తెలుస్తుందని ఆయన వాదన. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ స్థానిక పత్రికలు చదివి అక్కడి పరిస్థితిని అంచనా కట్టిన గూఢచారి విభాగాల పద్ధతినే ఆయన ఇందుకు ఆదర్శంగా చూపారు.

పద్ధతి తెలివైనదే. అయితే ఆ పదింటిలో 'ఉత్తరం నుంచి దక్షిణానికి' అన్నది కేవలం అమెరికా లోపలి జనం తరలింపు. దానికి 'మెగా' అన్న విశేషణం కాస్త ఎక్కువేనని నా అభిప్రాయం.

నేడు ఆ మాట పరిధి విస్తరించింది. ఐక్యరాజ్యసమితి 2020 నివేదిక వాతావరణ మార్పు, జనాభా మార్పులు, పట్టణీకరణ, డిజిటల్ సాంకేతికత, అసమానతలు అనే ఐదింటిని మెగాట్రెండ్లుగా గుర్తించింది. వీటిలో పట్టణీకరణనే చూడండి: 1950లో ప్రపంచ జనాభాలో సుమారు 30 శాతం పట్టణవాసులు కాగా, 2018 నాటికి వారు 55 శాతానికి చేరారు. సగటున ఏడాదికి అర శాతం కూడా లేని ఈ కదలిక ఏ రోజు పత్రికలోనూ పతాక శీర్షికకు తగిన వార్త కాదు. పత్రికల్లో చోటు కొలిచే పద్ధతికి చిక్కడం కష్టమైన ఇలాంటి మార్పు, దశాబ్దాల జనగణన పట్టికలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడే బయటపడుతుంది.