ఒక ఫోన్‌కు ఒకే నెట్‌వర్క్ అంటే నేను ఒప్పుకోను

అందరికీ నమస్కారం. కొత్త స్మార్ట్‌ఫోన్ వచ్చినప్పుడు దాన్ని ఒకే నెట్‌వర్క్ కంపెనీకి కట్టబెట్టొచ్చా అన్నది ఇవాళ్టి చర్చ. నాకంటే ముందు మాట్లాడిన తమ్ముడు కట్టబెట్టొచ్చు అన్నాడు, గట్టిగానే వాదించాడు. నేను వద్దంటాను. కాకపోతే అతను చెప్పినదాంట్లో నిజం ఉంది, ముందు ఆ సంగతి చెప్తా.

2007 జూన్ 29న అమెరికాలో మొదటి ఐఫోన్ అమ్మకానికి వచ్చింది. ధర 499 డాలర్ల నుంచి మొదలు, రెండేళ్ల కాంట్రాక్టు, నెట్‌వర్క్ మాత్రం ఏటీ అండ్ టీ ఒక్కటే. అంతకుముందు వెరైజన్ అనే ఇంకో నెట్‌వర్క్ కంపెనీని యాపిల్ అడిగితే షరతులు నచ్చక కాదన్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ రోజుల్లో అక్కడ ఫోన్ ఎట్లా ఉండాలి, అందులో ఏమేం ఉండాలి అన్నదాంట్లో నెట్‌వర్క్ కంపెనీలదే పెత్తనం. ఆ పెత్తనం లేకుండా తన ఫోన్ తనకు నచ్చినట్టు చేసుకోవడానికి యాపిల్ ఒకరికే మాటిచ్చింది. వచ్చిన వాయిస్‌మెయిల్స్, అంటే ఫోన్ ఎత్తనప్పుడు అవతలివాళ్లు రికార్డు చేసి వదిలిన మాటలు, అన్నీ తెర మీద వరుసగా కనిపించాలంటే నెట్‌వర్క్ వైపు కూడా మార్పులు కావాలి, అట్లాంటి పని చేసిపెట్టే తోడు ఒకరు ఉండాల్సిందే. ఇంతవరకు నాకు పేచీ లేదు.

పేచీ ఆ తర్వాత. వెరైజన్‌లోకి ఐఫోన్ వచ్చేసరికి 2011 ఫిబ్రవరి అయింది, అంటే మూడున్నరేళ్లు దాటింది. ఈలోపు న్యూయార్క్, శాన్ ఫ్రాన్సిస్కోల్లో కాల్స్ మధ్యలో తెగిపోతున్నాయని జనం మొత్తుకున్నారు. ఫోన్ మంచిదే, అన్ని ఫోన్ల డేటాను ఆ ఒక్క నెట్‌వర్కే మోయలేకపోయింది. డబ్బులు పెట్టి కొన్నవాడికి పక్క కంపెనీకి పోయే దారి లేదు. ఫ్రాన్స్‌లో అయితే ఆరెంజ్ కంపెనీకి దక్కిన ఇదే హక్కును అక్కడి పోటీ వ్యవహారాల మండలి 2008 డిసెంబర్‌లో ఆపించింది.

మన దగ్గరికి వద్దాం. 2008 ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వొడాఫోన్‌ల ద్వారా ఐఫోన్ 3జీ వచ్చింది, ధర 31 వేలు. అమెరికాలో ఇదే ఫోన్‌ను కాంట్రాక్టు మీద 199 డాలర్లకే ఇచ్చారు కాబట్టి ఆ తగ్గింపు రాబట్టుకోవడానికి లాక్ వేశారంటే, అంటే వేరే కంపెనీ సిమ్ పనిచేయకుండా చేశారంటే, సరే అనుకుందాం. ఇక్కడ పూర్తి ధర కట్టించుకుని కూడా లాక్ ఎందుకు? పైగా అప్పటికి ఆ రెండు కంపెనీల దగ్గర 3జీయే లేదు! 2017లో వచ్చిన జియోఫోన్ సంగతి వేరే. 1,500 రూపాయలు డిపాజిట్ కడితే చేతికొచ్చేది, మూడేళ్లకు తిరిగిస్తామన్నారు. అందులో ఆ కంపెనీ సిమ్ ఒక్కటే పనిచేస్తుందని అందరికీ తెలుసు, అంత చవగ్గా ఇచ్చినందుకు అది ఒక బేరం.

ఇప్పుడు మన జిల్లాల సంగతి. హనుమకొండ చౌరస్తాలో నిలబడితే ఏ సిమ్ అయినా ఒకటే. ములుగు దాటి, తాడ్వాయి దాటి అడవిలోకి పోతుంటే ఒక ఊళ్లో ఒక కంపెనీ పడుతుంది, పక్క ఊళ్లో ఇంకోటి, కొన్నిచోట్ల బీఎస్ఎన్ఎల్ తప్ప దిక్కులేదు. మా చిన్నమ్మ వాళ్లది ఏటూరునాగారం అవతల. ఇక్కడ చదువుకునే వాళ్ల కొడుకు చవగ్గా వచ్చిందని ఒక లాక్ ఫోన్ కొని పంపాడు. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. ఆ సిగ్నల్ వాళ్ల ఇంట్లో రాదు. ఊళ్లో అందరూ వాడే సిమ్ అందులో వేస్తే ఈ సిమ్ చెల్లదని తెర మీద ఒక్క లైను వచ్చి ఆగిపోతుంది. గ్యాస్ బండి అబ్బాయి సిలిండర్ దింపి డెలివరీ కోడ్ అడుగుతాడు కదా, ఆ కోడ్ కోసం చిన్నమ్మ మోకాళ్ల నొప్పులతో రోడ్డు మీది మోరీ దాకా నడిచిపోవాలి. అక్కడికి పోతే గానీ మెసేజ్ పడదు. ఆ అబ్బాయి అప్పటిదాకా గుమ్మం ముందు నిలబడే ఉంటాడు.

ఒప్పందం మీద సంతకం పెట్టేవాళ్లు ఆ మోరీని లెక్కలోకి తీసుకోరు. ఏ నెట్‌వర్క్ మంచిదని ఇక్కడ మనం ఎంతసేపు కొట్లాడినా, మా చిన్నమ్మకు మంచిది వాళ్ల ఊళ్లో టవర్ ఉన్నదే. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబర్ మార్చకుండా కంపెనీ మారే హక్కు వచ్చింది. ఫోన్‌కే తాళం వేస్తే ఆ హక్కు పెట్టుకుని ఏం చేసుకోవాలి?

కెనడాలో 2017 డిసెంబర్ నుంచి, బ్రిటన్‌లో 2021 డిసెంబర్ నుంచి నెట్‌వర్క్ కంపెనీలు లాక్ ఫోన్లు అమ్మడానికి వీల్లేదు. అక్కడ కంపెనీలేమీ మూతపడలేదు. మనకూ అట్లాంటి నిబంధనే రావాలి. అంతదాకా పోవడం కష్టమంటే కనీసం ఇది చేయాలి: తగ్గింపు ఇచ్చిన ఫోన్‌కు లాక్ ఎన్ని నెలలో డబ్బా మీద ధర పక్కనే అచ్చువేయాలి, ఆ తేదీ రాగానే అడగకుండానే తీసేయాలి. పూర్తి ధర కట్టినవాడి ఫోన్‌కు మొదటి రోజు నుంచే లాక్ ఉండొద్దు. ఓటింగ్‌లో మీరు నా వైపు చెయ్యెత్తితే దీని కోసమే ఎత్తండి. ఇంటికి పోయాక టెలికాం కంపెనీల మీద నియంత్రణ ఉండే ట్రాయ్‌కి ఒక మెయిల్ కూడా రాయండి, తెలుగులో రాసినా సరే.