నేచురా 2000 డేటా ఫామ్ రివ్యూ: 27 వేల చోట్లకి ఒకే పట్టిక

నమస్తే అండీ. స్క్రీన్ మీద ఉన్న కోడ్ ఒకసారి చూడండి. పీఎల్‌సీ200004. అక్షరాలు, అంకెలు కలిపి తొమ్మిది. మొదటి రెండు అక్షరాలు పోలండ్‌వి. ఇది బియావొవియెజా అడవి. బెలారస్ సరిహద్దున, బైసన్లు తిరిగే పాతకాలపు అడవి. యూరోపియన్ యూనియన్ రికార్డుల్లో దాని చిరునామా ఈ కోడే. ఇలాంటి కోడ్లు అటూ ఇటూగా 27 వేలు ఉన్నాయి. ప్రతి కోడ్ వెనకాలా ఒక ఫామ్ ఉంది. ఆ ఫామ్‌నే ఈ వీడియోలో రివ్యూ చేస్తున్నాను: నేచురా 2000 స్టాండర్డ్ డేటా ఫామ్.

నేపథ్యం గబగబా చెప్పేస్తాను. 1979లో పక్షుల డైరెక్టివ్ వచ్చింది, 1992 మే 21న ఆవాసాల డైరెక్టివ్ వచ్చింది. డైరెక్టివ్ అంటే సభ్యదేశాలన్నీ అమలు చేయాల్సిన యూనియన్ చట్టం. ఈ రెండిటి కింద సభ్యదేశాలు రక్షించే ప్రాంతాలన్నిటినీ కలిపి నేచురా 2000 అంటారు. యూనియన్ నేలలో 18 శాతం దాటి ఉంటుంది. అన్ని దేశాలు, అన్ని భాషలు. ఎవరికి తోచినట్టు వాళ్లు రాసి పంపితే ఒక అడవిని ఇంకో అడవి పక్కన పెట్టి చూడటం ఎవరి తరమూ కాదు. అందుకే 1996 డిసెంబరులో యూరోపియన్ కమిషన్ అందరికీ ఒకే నమూనా ఖరారు చేసింది. 2011లో దాన్ని తిరగరాసింది, 2023 చివర్లో ఇంకోసారి మార్చింది. నేను చూపిస్తున్నది 2011 నమూనా.

ఫామ్‌లో ఏడు భాగాలు: గుర్తింపు, ఎక్కడుంది, జీవజాలం, వర్ణన, రక్షణ హోదా, నిర్వహణ, మ్యాప్. అన్నీ తిప్పి చూపించను. నేరుగా మూడో భాగానికి వెళ్దాం, ఫామ్‌కి ప్రాణం అక్కడే ఉంది.

ఇందులో మొదటి పట్టిక ఆవాసాలది. ఒక్కో రకానికి ఒక్కో కోడ్. 6510 అంటే ఎండుగడ్డి కోసం కోసే పల్లపు పచ్చికబయళ్లు. 8310 అంటే జనాన్ని లోపలికి రానివ్వని గుహలు. ఈ 8310 దగ్గర నాకు చాలా నచ్చిన విషయం ఒకటుంది. ఏ ఆవాసానికైనా ఫామ్ అడిగేది హెక్టార్లలో విస్తీర్ణం. మరి గుహకి హెక్టార్లేమిటి? పైనుంచి చూస్తే కొండకి ఒక కన్నం కనిపిస్తుంది, అంతే. లోపలి సొరంగాలు ఏ మ్యాపులోనూ నేల లెక్కలోకి రావు. అందుకని గుహలకి విడిగా ఒక గడి పెట్టారు. విస్తీర్ణం తేలకపోతే గుహలు ఎన్నో రాస్తే చాలు. అన్నిటికీ ఒకే పద్ధతి అని పట్టుబట్టకుండా, ఉన్నదాన్ని బట్టి గడి మార్చారు. దీన్ని తయారుచేసిన వాళ్లలో ఎవరో ఒకరు స్వయంగా గుహల్లోకి దిగి ఉంటారనిపిస్తుంది నాకు.

రెండో పట్టిక జీవులది. కొంచెం జూమ్ చేస్తాను. నల్ల కొంగని తీసుకుందాం. కోడ్ ఏ030, పేరు సికోనియా నైగ్రా. ఏ దేశం వాళ్లు ఏ పేరుతో పిలుచుకున్నా ఇక్కడ లాటిన్ పేరే రాయాలి. తర్వాత రకం గడి. ఆర్ అని ఉంటే అది ఇక్కడ పిల్లల్ని పెంచుతోంది. డబ్ల్యూ అంటే చలికాలం గడపడానికి వస్తోంది. సీ అంటే వలస దారిలో గుంపుగా ఆగుతోంది. పీ అంటే ఏడాది పొడుగునా ఉంటోంది. గూడు కట్టడానికీ వచ్చి, వలసలోనూ ఆగే పక్షి అయితే రెండు వరుసలు రాస్తారు, ఎందుకంటే రెండు అవసరాలూ వేరు. ఆ తర్వాత సంఖ్య: తక్కువలో తక్కువ ఎన్ని, ఎక్కువలో ఎక్కువ ఎన్ని, అవి జంటలా, విడి ప్రాణులా.

పేరు పక్కన ఎస్ అని ఒక చిన్న గడి కనిపిస్తోందా? అక్కడ గుర్తు పెడితే ఆ వరుస బయటి జనానికి చూపించరు. గూడు ఎక్కడుందో తెలిస్తే గుడ్లు ఎత్తుకుపోయేవాళ్లు ఉంటారు కదా. పారదర్శకత పేరుతో దీన్ని తీసేయకపోవడం మంచిపని.

ఇక ఈ ఫామ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గడి. డేటా నాణ్యత. ఇందులో రాయడానికి నాలుగే గుర్తులు. జీ అంటే సర్వే చేసి రాసింది. ఎమ్ అంటే కొంత డేటా ఉంది, మిగతాది దాన్నిబట్టి లెక్కగట్టారు. పీ అంటే ఉజ్జాయింపు. వీపీ అంటే ఉజ్జాయింపు వేయడానికి కూడా ఆధారం లేదు. ఈ గడి లేకుండా పదిహేను జంటలు అని రాసి ఉంటే, ఎవరో పొద్దున్నే లేచి గూళ్లు లెక్కపెట్టారనే అనుకుంటాం. పక్కన పీ కనిపించగానే ఆ అంకె బరువు మారిపోతుంది. మాకు ఇంతవరకే తెలుసు అని ప్రభుత్వ శాఖ చేతే రాయించుకోవడం మామూలు విషయం కాదండీ. ప్రకృతి డేటా ఎవరు సేకరిస్తున్నా ఈ ఒక్క గడి మాత్రం కాపీ కొట్టండి అంటాను నేను.

దాని తర్వాత గ్రేడ్లు. జనాభా గడిలో ఏ, బీ, సీ, డీ. దేశం మొత్తంలో ఉన్న ఆ జీవుల్లో 15 శాతానికి మించి ఈ ఒక్క చోటే ఉంటే ఏ. 2 నుంచి 15 శాతం దాకా బీ. 2 శాతం లోపు సీ. డీ అంటే చెప్పుకోదగ్గంత లేవు. డీ వేశారంటే ఆ వరుసలో మిగతా గ్రేడ్లు ఖాళీగా వదిలేస్తారు. చూడటానికి ఒక్క అక్షరమే, కానీ డీ పడిన జీవి కోసం ఆ చోట మామూలుగా పరిరక్షణ లక్ష్యాలు పెట్టరు. రేపు అక్కడికి ఒక రోడ్డో, గనో వస్తుందంటే, ఆవాసాల డైరెక్టివ్ ఆరో అధికరణం ప్రకారం దాని ప్రభావాన్ని ముందే అంచనా వేయాలి. నెదర్లాండ్స్ తీరంలోని వాడెన్ సముద్రంలో యంత్రాలతో గుల్లలు పట్టే కేసులో 2004 సెప్టెంబరులో యూరప్ న్యాయస్థానం చెప్పింది ఇదే: హాని జరగదని, శాస్త్రపరంగా సహేతుకమైన అనుమానం లేకుండా తేలితేనే అనుమతి ఇవ్వాలి. మరి ఎవరికి హాని అన్న ప్రశ్న వచ్చినప్పుడు ముందు తెరిచేది ఈ పట్టికే. డీ పడ్డ వరుసని ఆ రోజు ఎవరు పట్టించుకుంటారు?

ఈ గ్రేడ్లలో నాకు నచ్చనిది కూడా ఉంది. శాతం లెక్కించేది దేశం మొత్తం మీద. ఊరికే ఒక లెక్క వేద్దాం. చిన్న దేశంలో మొత్తం ఉన్నదే ఇరవై జంటలైతే, నాలుగు జంటలున్న చోటుకి ఏ వస్తుంది. పక్కనున్న పెద్ద దేశంలో వెయ్యి జంటలుంటే, పదిహేను జంటలున్న చోటుకి సీ. పక్షికి సరిహద్దు తెలియదు. ఫామ్ ఒకటే అయినా, రెండు దేశాల ఏ అక్షరాలు ఒకటి కావు. ఈ పట్టికలు డౌన్‌లోడ్ చేసి గ్రాఫులు గీసేవాళ్లు దీన్ని తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు నాలుగో భాగంలో 4.3 చూడండి. ముప్పులు, ఒత్తిళ్లు. ప్రతి ముప్పుకీ కోడ్ ఉంటుంది, తీవ్రత ఎక్కువా, మధ్యస్థమా, తక్కువా, అది సరిహద్దు లోపలుందా బయటుందా అని కూడా రాయాలి. లాంఛనంగా నింపేసే భాగంలా కనిపిస్తుంది కానీ, బియావొవియెజాలో ఏం జరిగిందో వినండి. 2016 మార్చిలో అక్కడి ఒక అటవీ డివిజన్‌లో నరకడానికి అనుమతించిన కలపని 63,471 ఘనపు మీటర్ల నుంచి 188,000కి పెంచారు. బెరడు పురుగు స్ప్రూస్ చెట్లని చంపేస్తోంది, అందుకే నరుకుతున్నాం అన్నారు. కేసు యూరప్ న్యాయస్థానానికి వెళ్లింది. అయితే 2015లో పోలండ్ అధికారులే ఆమోదించిన నిర్వహణ ప్రణాళికలో ముప్పుగా రాసింది బెరడు పురుగుని కాదు, చచ్చిన, చస్తున్న చెట్లని తీసేయడాన్ని. అరుదైన పెంకు పురుగులు కొన్ని బతికేది ఆ ఎండిన మానుల్లోనే. 2018 ఏప్రిల్ 17న తీర్పు పోలండ్‌కి వ్యతిరేకంగా వచ్చింది, ఆ తీర్పులో ఈ ముప్పుల జాబితా ప్రస్తావన ఉంది. అది ఫామ్ కాదు, ప్రణాళికే, ఒప్పుకుంటాను. కానీ 4.3 అడిగేదీ అదే ప్రశ్న. ఎవరో ఆఫీసులో కూర్చుని నింపిన ఒక గడి తర్వాత అడవి తరఫున సాక్ష్యం చెబుతుంది.

ఇక అసలు లోపానికి వద్దాం. తేదీ. ఫామ్ పైన 1.5లో చివరిసారి సవరించిన తేదీ ఉంటుంది. ఫామ్ మొత్తానికీ అదొక్కటే. కొంగల వరుస కొత్తది కావచ్చు, దాని కింద గబ్బిలాల వరుస పదిహేనేళ్ల పాతది కావచ్చు. చూసేవాళ్లకి తెలిసే దారి లేదు. ఎక్కడో ఒక్క అక్షరం దిద్దినా పైన తేదీ మారుతుంది, పాత అంకెలన్నీ కొత్త చొక్కా తొడుక్కుంటాయి. ఇది నా ఒక్కడి బాధ కాదు. యూనియన్ ఖర్చుల్ని తనిఖీ చేసే యూరోపియన్ కోర్ట్ ఆఫ్ ఆడిటర్స్ 2017 నివేదికలో, పర్యవేక్షణ జరిగిన తర్వాత కూడా ఈ ఫామ్‌లని సాధారణంగా అప్‌డేట్ చేయడం లేదని రాసింది. మనిషి వెళ్లి, చూసి, లెక్కపెట్టి వచ్చాక కూడా ఆ లెక్క పట్టికలోకి ఎక్కలేదంటే మనసుకి కష్టంగా ఉంటుంది.

ఒక చిన్న హెచ్చరిక. ప్రతి ఆరేళ్లకి దేశాలు పంపే నివేదికలు వేరే ఉంటాయి. 2013 నుంచి 2018 దాకా చూస్తే 15 శాతం ఆవాసాలే మంచి స్థితిలో ఉన్నాయని, 81 శాతం పరిస్థితి బాగాలేదని తేలింది వాటిలోనే. ఈ ఫామ్‌లని కూడితే ఆ అంకె రాదు. రెండిటినీ కలిపేయకండి.

నా మార్కులు పదికి ఏడు. నాణ్యత గడికి, గుహల గడికి, ఎస్ గడికి పూర్తిగా ఇచ్చేశాను. మూడు మార్కులు పోయింది తేదీ దగ్గర. వరుసకొక తేదీ పెట్టి ఉంటే ఈ వీడియో చివరి భాగం అవసరమే ఉండేది కాదు.

ఈ ఫామ్‌లని ఆన్‌లైన్ మ్యాపు మీద చూపించే నేచురా 2000 వ్యూయర్ మీరు తెరిచినప్పుడు ముందు 1.5 చూడండి. తర్వాత మూడో భాగానికి వెళ్లి, అంకెలు చూడకముందే, నాణ్యత గడిని పైనుంచి కిందికి చదవండి. పీలు ఎన్ని, వీపీలు ఎన్ని లెక్కపెట్టండి. వచ్చే వసంతంలో ఎవరైనా బూట్లు వేసుకుని, నోటుబుక్కు పట్టుకుని వెళ్లి వెతకాల్సింది ఆ వరుసల్లో ఉన్నవాటినే.