చందా కంపెనీది, మాట సంఘానిది

శ్రోతలకు నమస్కారం.

2017 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా పార్లమెంటులో ఒక వింత జరిగింది. ఆ దేశ ఆర్థిక వ్యవహారాలు చూసే మంత్రి స్కాట్ మారిసన్ చేతిలో బొగ్గుగడ్డ పట్టుకుని లేచి, ‘ఇది బొగ్గు, భయపడకండి’ అన్నారు. చేతులకు మసి అంటకుండా ఆ గడ్డకు ముందే వార్నిష్ పూశారు. దాన్ని సమకూర్చింది మినరల్స్ కౌన్సిల్, అంటే అక్కడి గనుల కంపెనీల సంఘం. ఆ సంఘానికి పెద్ద మొత్తంలో చందా కట్టేవాళ్లలో బీహెచ్‌పీ అనే పెద్ద గనుల కంపెనీ ఒకటి. ఆ బీహెచ్‌పీయే మరోపక్క పారిస్ వాతావరణ ఒప్పందానికి మా మద్దతు ఉందని చెప్పుకునేది. నోటితో నవ్వి నొసటితో వెక్కిరించడం అంటే ఇదే.

దీన్ని నిలదీసింది ప్రభుత్వం కాదు, వాటాదారులు. అక్కడి చట్టం ప్రకారం 100 మంది వాటాదారులు సంతకాలు పెడితే కంపెనీ వార్షిక సమావేశంలో తీర్మానం పెట్టవచ్చు. వాటాదారుల తరఫున కంపెనీలను ప్రశ్నించే ఏసీసీఆర్ అనే చిన్న సంస్థ 2017లో బీహెచ్‌పీ మీద ఆ దారే పట్టింది. మీ మాట ఒకటి, మీరు డబ్బు కట్టే సంఘం మాట ఇంకొకటి, తేడా ఎక్కడుందో బయట పెట్టండి అని అడిగింది. తీర్మానం ఓడిపోయింది. అయినా ఆ డిసెంబరులోనే బీహెచ్‌పీ తన సంఘాల మీద సమీక్ష ప్రకటించింది, తర్వాత ప్రపంచ బొగ్గు సంఘం నుంచి తప్పుకుంది. మినరల్స్ కౌన్సిల్‌లో మాత్రం ఉండిపోయింది. 2019లో మళ్లీ తీర్మానం పెడితే నాలుగో వంతుకు పైగా ఓట్లు పడ్డాయి. ఓడిపోయే ఓటు కూడా ఇంత పని చేస్తుందని నాకు ఇక్కడే అర్థమైంది. ఆ ఓట్లు వేసిన వాళ్లలో పెన్షన్ ఫండ్లున్నాయి. ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా పెన్షన్లు ఇవ్వాల్సిన వాళ్లకు వాతావరణం దూరపు సంగతి కాదు.

మనకూ కాదు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని ఊళ్లు ఖాళీ చేయించారు. ఏ ఒక్క వాననూ ఏ ఒక్క కంపెనీకీ అంటగట్టలేం. కానీ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. ఆ తేమే కుండపోత అవుతుంది.

ఇంకో సంగతి. రేణిగుంటలో, శ్రీసిటీలో ఉద్యోగం చేసే మన పిల్లల పీఎఫ్ డబ్బులో కొంత 2015 నుంచి షేర్ మార్కెట్‌కు వెళ్తోంది. ఆ డబ్బును నిఫ్టీ లాంటి సూచీల్లోని పెద్ద కంపెనీల షేర్లు కొనే ఫండ్లలో పెడతారు. ఆ నిఫ్టీలో కోల్ ఇండియా ఉంది. అంటే తెలియకుండానే, పరోక్షంగా మనమూ వాటాదారులమే. మన చట్టంలో తీర్మానం పెట్టాలంటే 10 శాతం ఓటు హక్కు కావాలి, సామాన్యుడికి అది అందని ద్రాక్షే. ఈ నిబంధన మారాలని నా గట్టి అభిప్రాయం.

ఈలోగా చేయగలిగింది ఉంది. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నియమం ప్రకారం పెద్ద లిస్టెడ్ కంపెనీలు తాము ఎన్ని పరిశ్రమ సంఘాల్లో సభ్యులో, వాటిలో పెద్దవైన పదింటి పేర్లేమిటో ఏటా నివేదికలో రాయాలి. బీఆర్‌ఎస్‌ఆర్ అనే, కంపెనీ సామాజిక, పర్యావరణ బాధ్యతల గురించి చెప్పే భాగంలో ఏడో సూత్రం కింద ఆ జాబితా ఉంటుంది. మ్యూచువల్ ఫండ్లు కూడా తాము వాటాలున్న కంపెనీల తీర్మానాల మీద ఎటు ఓటేశాయో వెబ్‌సైట్‌లో పెట్టాలి. మీకు సిప్ ఉంటే, అంటే మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత కడుతుంటే, ఆ ఫండ్ వాళ్లకు ఒక మెయిల్ పెట్టండి. ఫలానా సంఘం వాతావరణ చట్టాల మీద ప్రభుత్వానికి ఏమని చెబుతోంది, మన డబ్బున్న కంపెనీ దానికి ఒప్పుకుందా, మీరు ఆ సంగతి అడిగారా అని రాయండి.