మనకొచ్చే మెసేజ్‌లు ఇంగ్లీష్‌లోనే ఎందుకుంటాయి? ఈ 70 అక్షరాల లెక్క చూడండి

అందరికీ నమస్కారం, అనంతపురం నుంచి మాట్లాడుతుండా. పోయిన నెల మా మేనమామ కళ్యాణదుర్గం కాడి మా ఊరి నుంచి ఫోన్ చేసి అల్లుడా, నా ఖాతాలోంచి 1180 రూపాయలు పోయినాయి, ఎవరో లాగేసినారు అన్యాడు. నేనూ సైబర్ మోసమే అనుకున్యా. తీరా పోయి ఆ కీప్యాడ్ ఫోన్ తెరిచి చూస్తే మోసం కాదు ఏం కాదు, బండి లోన్ కంతు కట్ అయ్యే రోజు ఖాతాలో డబ్బు చాలలేదు, బ్యాంకు ఒక 590, లోనిచ్చిన కంపెనీ ఒక 590 బౌన్స్ ఛార్జీ వేసినారు.

మరి ముందే చెప్పలేదా అంటే చెప్పినారు, మూడు రోజుల ముందే మెసేజ్ వచ్చుండాది. డియర్ కస్టమర్, యువర్ ఈఎంఐ ఈజ్ డ్యూ, కైండ్లీ మెయింటైన్ సఫిషియెంట్ బ్యాలెన్స్ టు అవాయిడ్ బౌన్స్ ఛార్జెస్. మామ తెలుగు పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి, ఆయనకి ఇంగ్లీష్ రాదు, అంతే. ఆ మెసేజ్ ఆయన ఇన్‌బాక్స్‌లో ఉండి కూడా లేనట్టే. బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, అమ్మిన డబ్బు ఇంట్లో బీరువాలోనే ఉండింది, ఒక పొద్దు బ్యాంకుకి పోయి వేసొచ్చింటే అయిపోయేది.

అప్పుడు నాకు నిజంగా కోపమొచ్చి, ఈ కంపెనీలు మెసేజ్‌లు ఎట్ల పంపిస్తాయి, తెలుగులో ఎందుకు పంపవు అని కూర్చుని మొత్తం చదివినా.

ఒక ఎస్ఎంఎస్‌లో 140 బైట్లు, అంటే 1120 బిట్ల చోటుంటాది. ఇంగ్లీష్ అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. ఈ 160 అనేది 1985లో జర్మనీలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజనీర్ బాన్‌లో తన ఇంట్లో కూర్చుని వాక్యాలు టైప్ చేసి, అక్షరాలు లెక్కపెట్టుకుని, ఇంత చాల్లే అని తేల్చిన లెక్క. ఆయన ముందున్నవి వాళ్ళ అక్షరాలు, మన అక్షరాలు ఆ టేబుల్ మీద లేవు. తెలుగులో పంపాలంటే ఒక్కో అక్షరానికి 16 బిట్లు కావాల, అందుకని అదే చోట్లో 70 మాత్రమే పడతాయి. అందులోనూ మన కంటికి కనపడే అక్షరం వేరు, మెషిన్ లెక్క వేరు. లక్ష్మి అని రాయండి, మనకి రెండక్షరాలు. మెషిన్‌కి ల, క, పొల్లు, ష, ఇంకో పొల్లు, మ, గుడి, మొత్తం ఏడు. 70 దాటిందంటే మెసేజ్ ముక్కలవుతాది, ముక్కల్ని మళ్ళీ అతికించే సమాచారానికి కొంత చోటు పోయి ముక్కకి 67 మాత్రమే మిగుల్తాయి, కంపెనీకి ముక్కకింత అని బిల్లు పడతాది. అంటే ఇంగ్లీష్‌లో ఒక్క మెసేజ్‌తో పోయేది తెలుగులో మూడు మెసేజ్‌ల బిల్లు. ఇదండీ అసలు కారణం.

ఇంకోటి గమనించినారా, బ్యాంకు మెసేజ్‌లలో రూపాయి గుర్తు ఎక్కువగా కనపడదు, ఆర్ఎస్ అనో ఐఎన్ఆర్ అనో రాస్తారు. ఎందుకంటే ఆ గుర్తు ఇంగ్లీష్ అక్షరాలుండే పాత 7 బిట్ల పట్టికలో లేదు, అదొక్కటి పెట్టినా మెసేజ్ మొత్తం 70 లెక్కలోకి పడిపోతాది.

సరే, కంపెనీ మెసేజ్ మనదాకా ఎట్లొస్తాది? కంపెనీ సర్వర్ నుంచి బల్క్ ఎస్ఎంఎస్ పంపే మధ్య కంపెనీకి, ఆడ్నించి ఎయిర్‌టెల్, జియో లాంటి ఆపరేటర్‌కి, ఆడ్నించి మనకి. మధ్యలో ఒక గేటు ఉండాది, దాన్ని డీఎల్‌టీ అంటారు. ఫోన్ కంపెనీలకి రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన రూల్స్ ప్రకారం ప్రతి కంపెనీ తన పేరు, పంపే మెసేజ్ నమూనా ముందే రిజిస్టర్ చేయాల, నమూనాకి మ్యాచ్ కాకపోతే గేటు దగ్గరే ఆగిపోతాది. 2021 మార్చి 8న ఈ తనిఖీ గట్టిగా మొదలుపెడితే ఓటీపీలు రాక దేశంలో శానామంది ఇబ్బంది పడినారు, ట్రాయ్ దాన్ని వారం పాటు ఆపాల్సొచ్చింది. ఇప్పుడు పంపినోళ్ళ పేరు చివర ఒక అక్షరం కూడా వస్తాంది చూడండి, పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సర్వీస్, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. మీ ఇంట్లో పెద్దోళ్ళకి ఇదొక్కటన్నా నేర్పించండి.

ఇప్పుడు నా పాయింట్ ఏందంటే, ఆ నమూనా రిజిస్టర్ చేసేటప్పుడు తెలుగులో కూడా చేసుకోవచ్చు, ఎవ్వురూ వద్దనరు. ఫోన్‌లో కనపడదు అనడానికి కూడా లేదు, మన దేశంలో అమ్మే ఫోన్లలో 22 భాషల్లో మెసేజ్ చదవడానికి వీలుండాలని భారత ప్రమాణాల సంస్థ రూలే ఉండాది. రైతులకి ఎంకిసాన్ పోర్టల్ 2013 నుంచి మన భాషల్లో మెసేజ్‌లు పంపిస్తాంది. పిడుగులు పడేటట్టుంటే విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి తెలుగులోనే వస్తాది, మామ దాన్ని చూసి చేన్లోంచి ఇంటికొచ్చేస్తాడు. రీఛార్జ్ ఆఫర్లు తెలుగులో రావట్లేదా? అమ్మేటప్పుడు తెలుగు వస్తాది, ఛార్జీ వేసేటప్పుడు రాదు, ఇదే నాకు మింగుడు పడనిది.

ఇంకా పెద్ద బాధ ఓటీపీది. మీ ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు అనే హెచ్చరిక శానా మెసేజ్‌లలో ఇంగ్లీష్‌లోనే ఉంటాది, ఎవరిని కాపాడటానికి ఆ మాట రాసినారో వాళ్ళకే అది చదవరాదు. మోసగాడు మాత్రం ఫోన్ చేసి చక్కటి తెలుగులో అమ్మా, నాన్నా అని మాట్లాడి ఆ నంబర్ చెప్పించుకుంటాడు. అట్ల ఎవరికన్నా డబ్బు పోతే లేట్ చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

ఖర్చు అంటారా, ఒక్కో మెసేజ్ పైసల్లో లెక్క, మా మామ దగ్గర వసూలు చేసింది 590. అసలు మూడు మెసేజ్‌లు కూడా అక్కర్లేదు, నేను రాసి చూసినా, వినండి: 5వ తేదీన రూ.4320 ఈఎంఐ కట్ అవుతుంది. ఖాతాలో డబ్బు ఉంచండి. మెషిన్ లెక్కలో ఇది 55, చివరి చుక్కతో కలిపి 56. ఇంకా 14 మిగుల్తాయి, దాంట్లో కంపెనీ పేరు పడతాది. ఒక్క మెసేజ్, ఇంగ్లీష్ దానికి ఎంత ఖర్చో దీనికీ అంతే. డియర్ కస్టమర్, కైండ్లీ లాంటివి తీసేసి మనిషి మనిషికి చెప్పినట్టు రాస్తే సరిపోతాది. మీరు ఏదన్నా యాప్ కంపెనీలో, ఫైనాన్స్ కంపెనీలో ఈ నమూనాలు రాసే పనిలో ఉంటే, ఈ లైన్ కాపీ చేసుకోండి, నాకేం చెప్పక్కర్లేదు.

ఆ లైన్ రాసినాక మామ ఫోన్‌కి నా నంబర్ నుంచే పంపించినా. రెండు నిమిషాలకి ఫోన్ చేసి, ఐదో తేదీకి ఇంకా వారం ఉండాది కదల్లుడా, సోమవారం పోయి వేసొస్తాలే అన్యాడు.