కారు ఏసీలో గ్యాస్ ఎటు పోతోంది? డాలస్ ఎండల్లో మా తిప్పలు

హాయ్ అండీ! రాత్రి పదకొండయింది, గరాజ్‌లో లైట్లన్నీ ఆపేసి, పసుపు రంగు కళ్ళజోడు పెట్టుకుని కారు బానెట్ కింద తల దూర్చాను. ఇక్కడ దాన్ని హుడ్ అంటారు, నాకింకా నోరు తిరగట్లేదు.

సంగతేంటంటే, మే నెలలో ఏసీ చల్లబడటం లేదని నేనే ఓ క్యాన్ కొని గ్యాస్ ఎక్కించాను. జూలైకి మళ్ళీ వేడిగాలే. బయట 102 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 39. విజయవాడ ఎండలు చూసిన మా నాన్నగారే వెనక సీట్లో కూర్చుని చొక్కా గుండీలు విప్పేశారు. "ఇంకోసారి గ్యాస్ పట్టించెయ్యరా, మన దగ్గర అంతేగా" అన్నారు. పెట్రోల్‌లా అది ఖర్చయిపోయేది కాదు నాన్నా, పైపుల్లోనే తిరుగుతూ ఉంటుంది, రెండు నెలల్లో తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే అని చెప్పాను.

ఒక షాపులో చూపిస్తే పెద్దగా వెతక్కుండానే లోపల ఎవాపరేటర్ (కారు లోపలికి వచ్చే గాలిని చల్లబరిచే భాగం) పోయింది, డాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి, 1400 డాలర్లు అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు.

పొద్దున ఇంజన్ స్టార్ట్ చేయకముందే గేజ్ పెట్టి చూశాను. మాది పాత కారు, ఆర్-134ఏ గ్యాస్. గరాజ్‌లో 80 డిగ్రీలుంటే ప్రెషర్ దాదాపు 86 పీఎస్ఐ ఉండాలి, మాకు 55. అంటే లోపల ద్రవంగా ఉండాల్సినదంతా పోయి, ఉత్త ఆవిరే మిగిలింది. కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) క్లచ్ టక్‌మని పడి వెంటనే వదిలేసేది ఇందుకేనన్నమాట.

సబ్బు నురగ పూస్తే ఒక్క బుడగా రాలేదు, మెల్లగా కారే లీకు దానికి దొరకదు. కానీ మేలో పట్టించిన క్యాన్‌లో డై ఉంది, అది ఆయిల్‌తో కలిసి తిరిగి, కారేచోట బయటికొస్తుంది, యూవీ లైట్ వేస్తే మెరుస్తుంది. ముందు ఎవాపరేటర్ నీళ్ళు బయటికొచ్చే గొట్టం దగ్గర చూశాను, మెరుపేమీ లేదు (అది ఒక్కటే చూసి ఎవాపరేటర్ బాగుందని తేల్చేయకూడదు లెండి, నీళ్ళకి డై కొట్టుకుపోవచ్చు). గ్యాస్ ఎక్కించే సర్వీస్ వాల్వుల దగ్గరా ఏమీ లేదు. లైట్ పట్టుకున్న నాన్నగారే "అదేంట్రా, మిణుగురులా?" అన్నారు. కండెన్సర్ (కారు ముందు వైపు ఉండి గ్యాస్ వేడిని బయటికి వదిలేది) కింది మూల, జిడ్డుకి దుమ్ము పట్టి నల్లగా ఉన్నచోట, ఆకుపచ్చగా మెరుస్తోంది! ఫ్రీవే మీద రాయి తగిలినట్టుంది. పాత మరకేమోనని తుడిచేసి రెండు రోజులాగి చూశా, మళ్ళీ అక్కడే.

లీక్ పూడ్చే మందు పోయమని కొందరన్నారు, నేను పోయను, గ్యాస్ తీసే మెషీన్లు పాడవుతాయని చాలా షాపులు ఆ తర్వాత కారునే ముట్టుకోవు. శనివారం వేరే షాపులో కండెన్సర్, డ్రయ్యర్ (గ్యాస్‌లోని తేమ పీల్చేది) మార్పించి, వాక్యూమ్ పట్టి (పైపుల్లో గాలి, తేమ లాగేసి), గ్యాస్ తూకం వేసి ఎక్కించమన్నాను. అప్పటిదాకా నాన్నగారిని గుడికి పొద్దున్నే ఏడింటికే తీసుకెళ్ళాలి.